ఫెన్‌స్పిరైడ్: ఈసీజీ తీసి ఇవ్వొచ్చు కదా, మొత్తానికే ఎందుకు ఆపేశారు?

పీజీ_నోట్స్:
దగ్గుకు వాడే ఫెన్‌స్పిరైడ్‌ని (ఫ్రాన్స్‌లో న్యూమోరెల్, పోలండ్‌లో యూరెస్పాల్, రష్యాలో ఎరెస్పాల్) 2019లో యూరప్‌లో తీసేశారు. క్యూటీ (ఈసీజీలో గుండె కింది గదులు ఒక దెబ్బ కొట్టి మళ్లీ తేరుకునేదాకా పట్టే సమయం) పెరుగుతుందన్నారు. అజిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్‌కి కూడా 2013 నుంచి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ క్యూటీ హెచ్చరిక ఉంది, అయినా ప్రతి మెడికల్ షాపులో దొరుకుతోంది. దీనికీ అలాగే హెచ్చరిక రాసి, గుండె జబ్బు లేనివాళ్లకి ఈసీజీ చూసి ఇస్తే సరిపోయేది కదా?

హెర్గ్_బ్లాకర్:
రెండింటినీ ఒకే కాటాలో వేస్తే ఎలాగండీ? అజిత్రోమైసిన్ న్యుమోనియాలో ప్రాణం నిలబెట్టే మందు. ఫెన్‌స్పిరైడ్ చేసేది దగ్గు కాస్త తగ్గించడం, అంతే. పైగా రెండేళ్ల పిల్లల నుంచీ సిరప్ రాసేవారు.

గుండె కణం ఒక దెబ్బ కొట్టాక మళ్లీ సిద్ధం కావాలంటే లోపలి పొటాషియం బయటికి పోవాలి. ఆ దారుల్లో ముఖ్యమైనది హెర్గ్ చానల్. మందు దాన్ని అడ్డుకుంటే కణం తేరుకోవడం ఆలస్యమై క్యూటీ సాగుతుంది. ఆ సందులో అకాల స్పందన పడితే టోర్సాడ్స్ (ప్రమాదకరంగా గుండె లయ తప్పడం), అక్కణ్ణుంచి హఠాన్మరణం దాకా పోవచ్చు. లయ తప్పిన కేసులు అంతకుముందే కొన్ని రిపోర్టయ్యాయి. ల్యాబ్‌లో హెర్గ్‌కి అతుక్కోవడం, గినీ పిగ్ గుండెలో క్యూటీ సాగడం కనబడ్డాక 2019 ఫిబ్రవరిలో అమ్మకం నిలిపేశారు. మేలో యూరప్ మందుల నియంత్రణ సంస్థ ఈఎమ్ఏ భద్రతా కమిటీ లైసెన్సులే రద్దు చేయమంది. ఎవరికి ప్రమాదమో ముందే కనిపెట్టే మార్గం లేదన్నది వాళ్ల అసలు వాదన.

ఇంత ఆలస్యమెందుకంటే, ఇది పాతకాలపు మందు. కొత్త మందులకు హెర్గ్, క్యూటీ పరీక్షల ఐసీహెచ్ (మందుల ప్రమాణాల అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు (ఎస్7బి, ఇ14) వచ్చిందే 2005లో.

లీడ్_టూ:
ఈసీజీ సంగతి నేను చెప్తాను. జ్వరం, దగ్గుతో వచ్చినవాళ్ల నాడి 100 ఉందనుకోండి. కాగితం సెకనుకి 25 మి.మీ. వేగంలో ఆర్-ఆర్ (ఒక దెబ్బకీ తర్వాతి దెబ్బకీ మధ్య దూరం) 15 చిన్న గళ్లు, అంటే 0.6 సెకను. క్యూటీ 10 గళ్లు, అంటే 400 మిల్లీ సెకన్లు. దీన్ని నాడి వేగానికి సరిదిద్దితే వచ్చేది క్యూటీసీ. బాజెట్ సూత్రంలో క్యూటీని ఆర్-ఆర్ వర్గమూలంతో భాగిస్తాం: 0.6 వర్గమూలం 0.775, కాబట్టి క్యూటీసీ 516. అదే ఫ్రిడెరీషియా సూత్రంలో (ఘనమూలం 0.843) 474. ఒకటి ప్రమాదపు గీత 500 దాటి భయపెడుతుంది, రెండోది దాటదు. నాడి వేగంగా ఉన్నప్పుడు బాజెట్ ఎక్కువ చేసి చూపిస్తుంది, ఫ్రిడెరీషియా నమ్మండి. క్యూటీ ముగిసే టీ తరంగం చివర ఒక్క గడి తప్పు చదివితేనే 40 మిల్లీ సెకన్ల తేడా. మెషీన్ అచ్చేసిన అంకె చూసి సంతకం పెట్టేయకండి.

ఇంకో చిక్కు: పుట్టుకతో లాంగ్ క్యూటీ జన్యువున్న కొందరికి మామూలప్పుడు ఈసీజీ నార్మల్‌గానే వస్తుంది. మందు పడ్డాకే బయటపడుతుంది. మామూలు దగ్గు మందుకి ఇంత తతంగం ఎవరు చేస్తారు?

కౌంటర్_ఫార్మసిస్ట్:
టెర్ఫెనడిన్ అనే అలర్జీ మందు కూడా ఇలాగే పోయింది. ఎరిత్రోమైసిన్ (యాంటీబయోటిక్), కీటోకొనజోల్ (ఫంగస్ మందు) కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే సీవైపీ3ఏ4 ఎంజైమ్‌ని ఆపేస్తే అది విరగక రక్తంలో పేరుకునేది. అది విరిగాక వచ్చే ఫెక్సోఫెనడిన్‌కి ఈ గొడవ లేదు, అందుకే నిలబడింది.

ఇక్కడ నాకు భయం ఫెన్‌స్పిరైడ్ కాదు, ఒకే చీటీలో పడే కలగలుపు. దగ్గు, ఆయాసం, వాంతులతో వచ్చిన పెద్దావిడకి అజిత్రోమైసిన్ 500, లీవోఫ్లాక్సాసిన్ అనే రెండు యాంటీబయోటిక్‌లు, వాంతులకు డోంపెరిడోన్ లేదా ఒండాన్‌సెట్రాన్. ఇవన్నీ క్యూటీ పెంచేవే. పైన ఫ్యూరోసెమైడ్ (మూత్రం ఎక్కువ పోయించే మందు), సాల్బుటమాల్ నెబ్యులైజర్ రక్తంలో పొటాషియం తగ్గిస్తాయి, అది తగ్గినా క్యూటీ సాగుతుంది. అలాంటి చీటీ వస్తే డాక్టరుకి ఫోన్ చేసి రెండు యాంటీబయోటిక్‌లూ కావాలా అని అడగాలి, సీరం పొటాషియం, మెగ్నీషియం చూడమనాలి.

పీజీ_నోట్స్:
అప్పట్లో వాడినవాళ్లు ఇప్పుడు ఈసీజీ తీయించుకోవాలా సార్?

హెర్గ్_బ్లాకర్:
అక్కర్లేదు. మందు కొద్దిరోజుల్లో ఒంట్లోంచి పోతుంది, చానల్ మళ్లీ తెరుచుకుంటుంది. వాడుతున్నప్పుడు కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు, ఇంట్లో చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాళ్లున్నవాళ్లు మాత్రం కార్డియాలజిస్టుకి ఆ మాట చెప్పి చూపించుకోవాలి.