ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో మోత: కొత్తవి కొనాలా, ఉన్నవే బాగుపడతాయా?

గోదావరి గట్టు:
నమస్కారం. రాజమహేంద్రవరం నుంచి రాస్తున్నాను. పోయిన సంవత్సరం 14 వేలు పెట్టి, యాంప్లిఫయర్ లోపలే ఉన్న స్పీకర్ల జత కొన్నాను. ల్యాప్‌టాప్‌కి తీగ తగిలించి రాత్రి భోజనాలయ్యాక పాత పాటలు వినడం నా అలవాటు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తున్నంత సేపూ ఏ గొడవా లేదు. ఛార్జర్ పెట్టానంటే చాలు, కందిరీగల తుట్టె కదిలినట్టు మోత. మౌస్ కదిపితే దాని మీద సన్నగా కీచుమని మరొకటి. కొన్న దుకాణానికి మోసుకెళితే "లోపల బోర్డు పోయింది, 5 వేలకు మేం తీసుకుంటాం, ఈ 18 వేల జత పట్టుకెళ్లండి" అన్నారు. ఇంట్లో మాత్రం ఆ డబ్బుతో వాషింగ్ మెషీన్ వస్తుందని లెక్క చెబుతున్నారు. నిజంగా బోర్డే పోయిందంటారా?

మీటరు మాస్టారు:
పోలేదు. బ్యాటరీ మీద నిశ్శబ్దంగా ఉన్నాయని మీరే రాశారు కదా, బోర్డు పోతే అప్పుడూ మోగాలి. ఐటీఐలో ముప్పై ఏళ్లు కరెంటు పాఠాలు చెప్పినవాణ్ణి, ఇలాంటివి చాలా చూశాను. మూడు సంగతులు చెప్పండి. స్పీకర్ల ప్లగ్గుకు పిన్నులు రెండా, మూడా? స్పీకర్లు, ఛార్జర్ గోడ మీద ఒకే స్విచ్చుల బోర్డులో ఉన్నాయా, వేరు వేరు గోడలకా? ఛార్జింగ్‌లో ఉండగా ల్యాప్‌టాప్ లోహపు మూత మీద చేతి వెనక భాగం మెల్లగా రాస్తే చీమలు పాకినట్టు ఉంటుందా?

గోదావరి గట్టు:
స్పీకర్లకు మూడు పిన్నులు, గోడకున్న సాకెట్టులో. ఛార్జర్‌కూ మూడే, అది ఎదురు గోడ నుంచి లాగిన ఎక్స్‌టెన్షన్ బాక్సులో. మూత మీద చెయ్యి రాసి చూశాను మాస్టారూ, జివ్వుమంటోంది! ఇన్నాళ్లూ అది ల్యాప్‌టాప్ స్వభావం అనుకున్నాను.

చక్రి:
ఇంత చర్చ ఎందుకండీ? స్పీకర్ల ప్లగ్గుకున్న లావుపాటి మూడో పిన్ను తీసేయండి. లేదా రెండు పిన్నుల అడాప్టర్ తగిలించండి. మోత అక్కడికక్కడే పోతుంది. నేను రెండేళ్లుగా అలాగే వాడుతున్నాను.

మీటరు మాస్టారు:
చక్రి గారూ, మోత పోతుందన్నది నిజమే. దానితో పాటు ఇంకేం పోతుందో చెబుతాను. ఆ యాంప్లిఫయర్ లోపల ఏదో ఒక రోజు ఫేజు తీగ సడలి పెట్టెకు తగిలిందనుకోండి. ఎర్తు ఉంటే ఫ్యూజు కొట్టేస్తుంది. లేకపోతే 230 వోల్టులూ పెట్టె మీదే కూర్చుని, తడి చేత్తో ఎవరు తాకుతారా అని చూస్తుంటాయి. ఆ పిన్ను తిరిగి పెట్టించండి, ఈ రోజే.

గట్టు గారూ, మీ సంగతి ఇది. ఛార్జర్‌లో కరెంటు శబ్దాన్ని వడగట్టడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా కొద్దిపాటి కరెంటు కారుతుంది, కారి ఎర్తులోకి పోవాలి. అందుకే దానికి మూడో పిన్ను ఇచ్చారు. మీ బాక్సులో ఆ దారి మూసుకుపోయినట్టుంది. దారి లేక అది ల్యాప్‌టాప్ ఒంటి మీదకు ఎక్కి, పాటల తీగ పై కవచం పట్టుకుని, స్పీకర్ల ఎర్తు వెతుక్కుంటూ వెళుతోంది. పాట వెళ్లే దారిలోనే ఇదీ వెళుతోంది కాబట్టి మీకు వినబడుతోంది. మూత మీద చీమలు కూడా అవే. ముందు ఆ బాక్సును గోడ నుంచి పీకి, స్క్రూలు విప్పి చూడండి. పీకాకే సుమా.

వినీల, హైదరాబాద్:
నేను ఇంటి నుంచి కథలు చదివి రికార్డు చేస్తుంటాను కాబట్టి ఈ మోతతో నాకూ పాత పరిచయమే. నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను, మీకు డబ్బు మిగులుతుంది. మోత పోతుందని 3,500 పెట్టి యూఎస్‌బీ డ్యాక్ (కంప్యూటర్‌లోని పాటను స్పీకర్లకు పనికొచ్చే కరెంటుగా మార్చే చిన్న పెట్టె) కొన్నాను. పాట నాణ్యత బాగుపడింది, మోత మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకంటే డ్యాక్ కూడా అదే కంప్యూటర్ యూఎస్‌బీ తీగ మీద, అదే ఎర్తు మీద ఆధారపడి ఉంటుంది. చివరికి స్పీకర్లకు వెళ్లే పాటల తీగ మధ్యలో పెట్టే చిన్న ఐసొలేటర్ డబ్బా 400కి కొన్నాను. లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు, అంతే. మోత ఆగింది. కాకపోతే మృదంగంలో తొప్పి వైపు గుంకారం కాస్త పలచబడింది. చవక డబ్బాలు అడుగు స్వరాలను కొంత తినేస్తాయి. గొంతు రికార్డులకు ఫరవాలేదు గానీ, పాటలు వినేవారికి అది రెండో మందే.

డెస్క్‌టాప్ వాడేవారికి ఇంకొకటి. ముందు వైపు రంధ్రంలో హెడ్‌ఫోన్ పెడితే కీచు వినిపించేది, వెనక మదర్‌బోర్డు మీద ఉన్నదానిలో పెడితే లేదు. ముందు రంధ్రానికి వెళ్లే సన్నని తీగ క్యాబినెట్ లోపల అన్నిటి మీదుగా పాక్కుంటూ వెళుతుంది, దారిలో ఉన్న చెత్తంతా ఏరుకొస్తుంది. పైసా ఖర్చు లేని వైద్యం, వెనక పెట్టుకోండి.

కోఠీ రిపేరు:
గుజరాతీ గల్లీ దగ్గర పాతికేళ్లుగా ఇదే పని. మాస్టారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. మోత ఉందని నా బల్ల మీదకు వచ్చే స్పీకర్లలో చాలా భాగం నా దగ్గర పెట్టగానే నోరు మూసుకుంటాయి. జబ్బు ఇంట్లో ఉంటే పేషెంటును ఇక్కడికి తెస్తారు. స్పీకర్ల నుంచి పాటల తీగ పూర్తిగా పీకేసి, శబ్దం పెంచి వినండి. అప్పుడు కూడా భారీగా గుమ్మని మోగితే లోపలి వడపోత కెపాసిటర్లు ఉబ్బి ఉంటాయి, అది మా పని. మోగకపోతే మా దగ్గరికి రావద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

సాగరతీరం:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. విశాఖలో మా ఇల్లు సముద్రానికి అర కిలోమీటరు. మోత కాదు, శబ్దం పెంచే మర తిప్పినప్పుడల్లా గరగర. ఒక వైపు స్పీకర్ ఉండీ ఉండీ ఆగిపోతుంది. తీగ కదిపితే వస్తుంది.

కోఠీ రిపేరు:
ఉప్పుగాలి. తీగ పిన్ను బయటకు తీసి చూడండి, నల్లబడో పచ్చబడో ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి అద్ది తుడవండి. మరకు కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే దొరుకుతుంది. కరెంటు తీసేసి, మర సందులో ఒక్క చుక్క పడేలా కొట్టి ఇరవై సార్లు ఇటూ అటూ తిప్పండి, ఆరాక పెట్టండి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే మాత్రం వద్దు, దానికి దుమ్ము అంటుకుని ఆరు నెలల్లో ఇంకా గట్టిగా గరగరమంటుంది. ఇంకొకటి, సామాను వాడుతూ ఉండండి. వాడే యాంప్లిఫయర్ వెచ్చగా ఉంటుంది, తేమ నిలవదు. బీరువా మీద గుడ్డ కప్పి దాచినవే మా దగ్గరికి ముందు వస్తాయి.

పద్మజ:
మా అమ్మ భజనలు వినడానికి చిన్న హోం థియేటర్ చూస్తున్నాను. ఒకదాని డబ్బా మీద 5000 వాట్లు పీఎంపీఓ అని ఉంది, ధర 2,200. ఇంకోదాని మీద 40 వాట్లు ఆర్ఎంఎస్, ధర 4,000. అంకెల్లో ఇంత తేడా ఏమిటి?

మీటరు మాస్టారు:
అమ్మా, పీఎంపీఓ అన్నది అమ్మేవాళ్ల కవిత్వం. ఇలా లెక్కవేసే పద్ధతి ఒకటి అని ఎవరూ కట్టుబడరు, ఎవరి ఇష్టం వారిది. ఆర్ఎంఎస్, అంటే ఎడతెగకుండా ఇవ్వగల శక్తి, కాస్త నిజాయితీగలది. అది కూడా నమ్మకుండా, దానితో వచ్చే అడాప్టర్‌ను తిప్పి చూడండి. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే 12ను 2తో గుణించండి, 24 వాట్లు. గోడ నుంచి లోపలికి వెళ్లేది 24 అయితే బయటకు ఎడతెగకుండా 40 రావడం ఎలా కుదురుతుంది? బావిలో రెండు బిందెల నీళ్లుంటే నాలుగు బిందెలు తోడలేం కదా. అమ్మగారి భజనలకు, మామూలు గదికి, నిజమైన 20 వాట్లు దండిగా సరిపోతాయి.

పద్మజ:
ఇప్పుడే అంతర్జాలంలో ఆ 5000 వాట్ల దాని వెనక ఫోటో పెద్దది చేసి చూశాను. వాడే కరెంటు 30 వాట్లట!

డల్లాస్ బాబాయి:
వాట్ల మాట వచ్చింది కాబట్టి నా వోల్టుల కథ. అమెరికాలో పదేళ్లు మురిపెంగా వాడుకున్న, రేడియో, యాంప్లిఫయర్ కలిసి ఉన్న రిసీవర్‌ను సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి గుంటూరు తెచ్చాను. నాన్నగారికి ఆశ్చర్యం కలిగిద్దామని ప్లగ్గు మార్చి నేరుగా గోడకు పెట్టాను. ఫట్. ఒక్క క్షణం, తర్వాత మాడిన లక్క వాసన. వెనక చిన్న అక్షరాలతో 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసి ఉంది. ల్యాప్‌టాప్, ఫోను ఛార్జర్లన్నీ 100 నుంచి 240 వరకు తట్టుకుంటాయి కాబట్టి అన్నీ అంతే అనుకున్నాను. యాంప్లిఫయర్లు అలా కాదు.

కోఠీ రిపేరు:
బాబాయి గారూ, బాధపడకండి, ప్రతి సంక్రాంతి సెలవుల తర్వాత ఇలాంటివి నాకు రెండు మూడు వస్తాయి. అదృష్టం ఉంటే ఫ్యూజుతో పోతుంది, లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కొత్తగా చుట్టించాలి. తెచ్చేవాళ్లు 230 నుంచి 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కొనండి, ప్రయాణాలకు అమ్మే అరచేతి అంత కన్వర్టర్లు కాదు. వస్తువు 300 వాట్లు తీసుకుంటే 500 వీఏది (ట్రాన్స్‌ఫార్మర్ ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) పెట్టండి. పాత రికార్డు ప్లేయర్లలో ఇంకో చిక్కుంది. హెర్ట్జ్ అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క. కరెంటు హెర్ట్జ్‌ను పట్టుకుని తిరిగే మోటారు అయితే, 60కి చేసినది మన 50 మీద ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. ఘంటసాల గారి గొంతు కూడా నిద్రమత్తులో పాడినట్టు వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు దించుతుందే గానీ హెర్ట్జ్ మార్చదు.

గోదావరి గట్టు:
మాస్టారూ! ఇప్పుడే బాక్సు విప్పాను. బయట మూడేసి రంధ్రాలున్న సాకెట్లు నాలుగు, మధ్యలో ఎర్ర దీపం, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. లోపల రెండే తీగలు, ఎర్రది ఒకటి, నల్లది ఒకటి. పై రంధ్రాల వెనక ఇత్తడి రేకులు ఉన్నాయి గానీ వాటికి తీగ ముక్క కూడా లేదు, కొత్త గాజుల్లా మెరుస్తున్నాయి. గోడకు పెట్టే ప్లగ్గుకు లావు పిన్ను ఉంది, అది కూడా ఉత్త అలంకారమే. మూడేళ్లుగా దీని మీద ల్యాప్‌టాప్, ఫ్రిజ్, ఒకసారి ఇస్త్రీ పెట్టె కూడా వాడాం.

మీటరు మాస్టారు:
ఇస్త్రీ పెట్టె అన్నప్పుడు నా గుండె ఆగింది. కొత్తది కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి, తీగ చివర విప్పించి ఆకుపచ్చ తీగ ఉందో లేదో కళ్లారా చూడండి. తర్వాత గోడ సాకెట్టు కూడా పరీక్షించాలి. ఎలక్ట్రీషియన్ చేత మల్టీమీటర్ పెట్టించండి. ఫేజుకు, ఎర్తుకు మధ్య దాదాపు 230 రావాలి, న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. అది దాటితే పెరట్లో ఎర్తు గుంత చూడండి. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గుంత ఎండాకాలంలో ఎండిపోతుంది. రెండు బిందెల నీళ్లు పోయడం మా నాన్న ప్రతి వేసవిలో మరిచిపోకుండా చేసేవారు, కొత్త ఇళ్లలో ఆ గుంత ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియదు.

గోదావరి గట్టు:
నాలుగు రోజుల తర్వాత ఫలితం. కొత్త బాక్సు 650. ఎలక్ట్రీషియన్ వచ్చి కొలిచాడు, న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య 9 వోల్టులు ఉంది. గుంత పెరట్లో కరివేపాకు చెట్టు కింద దొరికింది, అక్కడ నీళ్లు పోశాం. సడలిన బోల్టు ఒకటి బిగించాడు. ఇప్పుడు 2కు దిగింది. కందిరీగలు లేవు, మూత మీద చీమలూ లేవు. శబ్దం బాగా పెంచితే మాత్రం దూరంగా ఎక్కడో మోటారు నడుస్తున్నట్టు సన్నని గుమ్మనే ధ్వని మిగిలింది.

వినీల, హైదరాబాద్:
స్పీకర్లను కూడా ఆ కొత్త బాక్సులోనే పెట్టండి. రెండు గోడల ఎర్తుల మధ్య ఉన్న కొద్ది తేడా అది. రెండూ ఒకే చోట నుంచి తాగితే తేడా ఉండదు.

గోదావరి గట్టు:
పెట్టాను. ఏమీ లేదు. పాటకూ పాటకూ మధ్య బయట గేదె మెడలో గంట వినబడుతోంది.
ఒక్క సందేహం. నిన్న రాత్రి కరెంటు పోయి ఇన్వర్టర్ వచ్చింది, మోత మళ్లీ మొదలు. ఈసారి గరుకుగా, ఫ్యాను కూడా దానితో గొంతు కలిపింది.

కోఠీ రిపేరు:
మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. కరెంటు అలలా కాకుండా మెట్లు మెట్లుగా వస్తుంది, లోపల ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ గానీ, ఫ్యానులో లాంటి మోటారు గానీ ఉన్న ప్రతి వస్తువూ మూలుగుతుంది. నున్నని అలలా ఇచ్చే సైన్ వేవ్ది కొనే దాకా దీనికి మందు లేదు. దాని కోసమే మార్చకండి, బ్యాటరీ పోయినప్పుడు చూసుకోవచ్చు. ఆ మోత వల్ల స్పీకర్లకు వెంటనే వచ్చే ప్రమాదం లేదు.

గోదావరి గట్టు:
సరే, కరెంటు పోతే డాబా మీదకు వెళతాం. పాత బాక్సును ఆ దుకాణానికి తీసుకెళ్లి, మూత తీసి బల్ల మీద పెట్టాను. అది కూడా వాళ్ల దగ్గరే కొన్నాను లెండి. యజమాని కాసేపు చూసి, "ఇప్పుడు ఇలాంటివి మేం తెప్పించడం లేదండీ" అన్నాడు. నేను మాట్లాడుతుండగానే వెనక కుర్రాడు అలాంటిదే ఒకటి ఎవరికో సంచిలో వేసి ఇస్తున్నాడు. ఆ కొన్నాయన్ని మెట్ల దగ్గర ఆపి స్క్రూడ్రైవర్ ఇచ్చాను.