హెచ్‌ఐవీ ఉన్న తొమ్మిది నెలల పాపకు సీడీ4 1150 ఉంటే మందులు ఆగి మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న (ఐసీటీసీ, అంటే హెచ్‌ఐవీ పరీక్షల కేంద్రం కౌన్సెలర్)
పాపకు డీబీఎస్ పరీక్ష (కాగితంపై ఆరబెట్టిన రక్తపు చుక్కతో చేసే హెచ్‌ఐవీ పరీక్ష) రెండుసార్లూ పాజిటివ్. సీడీ4 (హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాల లెక్క) 1150, లింఫోసైట్లలో (ఒక రకం తెల్ల రక్తకణాలు) వాటి శాతం 17. బరువు 6.4 కిలోలు. "పెద్దాళ్లకి 500 దాటితే బాగున్నట్టేగా, పాపకి రెండింతలున్నాయి, కొన్నాళ్లాగి చూద్దాం" అంటున్నారు ఇంట్లోవాళ్లు. సెప్ట్రాన్ సిరప్ (ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే మందు) కూడా మానేశారు. ఎలా నచ్చజెప్పాలి?

జవాబు (పిల్లల డాక్టర్)
1150 వదిలేసి 17 చూపించండి. పసిపిల్లల రక్తంలో లింఫోసైట్లు పెద్దవాళ్లకంటే చాలా ఎక్కువ, వయసు పెరిగేకొద్దీ తగ్గుతాయి. అందుకే ఐదేళ్లలోపు శాతమే నమ్మాలి. ఏడాదిలోపు 25 కంటే, మూడేళ్లలోపు 20 కంటే, ఐదేళ్లలోపు 15 కంటే తగ్గితే తీవ్రమైన రోగనిరోధక లోపం కింద లెక్క. ఈ పాప ఇప్పటికే ఆ గీత కిందికి దిగిపోయింది.

అయినా అంకె బాగున్నా ఆగేది లేదు. పసివాళ్ల ఒంట్లో వైరస్‌ను గుర్తించి అదుపుచేసే శక్తి ఇంకా తయారవదు. పెద్దవాళ్లలో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ పరిమాణం) కొన్ని వారాల్లో దిగుతుంది, వీళ్లలో నెలల తరబడి లక్షల్లోనే ఉంటుంది. మందుల్లేకపోతే సుమారు సగం మంది రెండేళ్లు చూడరు. దక్షిణాఫ్రికాలో హెచ్‌ఐవీ ఉన్న పసిపిల్లలపై జరిగిన చేర్ అధ్యయనం (2008) చూపింది ఇదే: సీడీ4 పడిపోయేదాకా ఆగకుండా పన్నెండు వారాల వయసులోపే మందులు మొదలుపెడితే మరణాలు 76 శాతం తగ్గాయి.

జవాబు (ఏఆర్‌టీ సెంటర్, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రం నర్సు)
సిరప్ మళ్లీ ఇవాళే మొదలుపెట్టించండి మేడమ్. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకోసారి 5 మి.లీ., ఐదేళ్లు వచ్చేదాకా. అది న్యుమోసిస్టిస్ న్యుమోనియాను ఆపుతుంది. ఆ జబ్బులో జ్వరం పెద్దగా లేకుండానే ఆయాసం, పెదాలు నీలంగా మారడం కనిపిస్తాయి; జలుబనుకుని ఇంట్లో ఉంచేస్తే ప్రాణం మీదికొస్తుంది.

హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్ 10 మి.గ్రా. కరిగే బిళ్లలు ఈ బరువుకు ఒకటిన్నర. నీళ్లలో కరిగించి అరగంటలోపు తాగించాలి, గిన్నె అడుగున మిగిలినదాన్ని కాసిన్ని నీళ్లతో కడిగి అదీ పట్టాలి. ఎక్కువగా తప్పు జరిగేది తర్వాతే: బిడ్డ బరువు పెరుగుతుంది, డోసు పాతదే ఉండిపోతుంది. వచ్చినప్పుడల్లా తూకం వేయండి. పది కిలోలకు రెండు బిళ్లలు. ఐరన్, కాల్షియం సిరప్‌లు ఇదిచ్చిన రెండు గంటల తర్వాతే.

ప్రశ్న (కౌన్సెలర్)
టీబీ మందులు కూడా పడితే?

జవాబు (పిల్లల డాక్టర్)
వాటిలో రిఫాంపిసిన్ ఉంటే అదే డోలుటెగ్రావిర్ డోసు రోజుకు రెండుసార్లు. టీబీ మందులు అయిపోయాక మరో రెండు వారాలు అలాగే కొనసాగించి, తర్వాత ఒకసారికి దించాలి.