పదో తరగతి త్రికోణమితి: ముందు పట్టిక బట్టీ పట్టించాలా, కొలిపించాలా?

చిత్తూరు తండ్రి:
మా అబ్బాయి 0 నుంచి 90 డిగ్రీల వరకు సైన్, కాస్, టాన్ విలువల పట్టికంతా గడగడా అప్పజెబుతాడు. పాఠ్యపుస్తకంలోని తప్పొప్పుల ప్రశ్న ఒకటి అడిగాను: రెండు కోణాలను కలిపి సైన్ తీసినా, విడివిడిగా తీసి కలిపినా ఒకటేనా? ఒకటేనన్నాడు. రెండు కోణాలూ 30 అనుకుని చూడమన్నాను. ఒక పక్క √3/2, మరో పక్క 1 వచ్చాయి. ఎందుకు తేడా వచ్చిందో చెప్పలేక బిక్కమొహం వేశాడు. బడిలో మొదటి రోజే పట్టిక రాయించి, అక్కడి నుంచి లెక్కలు చేయిస్తున్నారు. ఇది సరైన పద్ధతేనా?

తిరుపతి కోచింగ్ మాస్టారు:
సరైనదేనండి. పట్టిక రాని పిల్లలు ఎత్తులు, దూరాల లెక్కలో పటం గీసి అక్కడే ఆగిపోతారు. ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి మార్కులను బట్టే వస్తుంది. కూలి పనులకు వెళ్లే తల్లిదండ్రుల పిల్లలకు ఆ సీటు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. ముందు మార్కులు రానివ్వండి, అర్థం ఇంటర్‌లో తెలుస్తుంది.

ఇంటర్ ఎంపీసీ విద్యార్థిని, తిరుపతి:
ఇంటర్‌లో ఆగి అర్థం చేసుకునే తీరిక ఉండదు సార్. కోణం 90 దాటుతుంది, సూత్రాలు పదుల్లో వచ్చిపడతాయి. కాస్ 120 ఎందుకు రుణసంఖ్య అయిందో తెలియకుండానే నా తోటివాళ్లు చాలామంది రాసేస్తున్నారు.

పాకాల లెక్కల టీచరు:
మాస్టారూ, మార్కుల విషయంలో మీతో నాకు పేచీ లేదు. నా అభ్యంతరమంతా వరస మీదే. పట్టిక రావాలి, కానీ అది మొదటి రోజు రాకూడదు.

నేను మొదటి పీరియడ్‌లో సైన్, కాస్ పేర్లే ఎత్తను. అందరినీ 40 డిగ్రీల కోణంతో లంబకోణ త్రిభుజం గీయమంటాను. భుజాల కొలతలు వారి ఇష్టం. ఆ కోణానికీ లంబకోణానికీ మధ్య ఉండే ఆసన్న భుజం 5 సెంటీమీటర్లు పెట్టుకున్నవాళ్లకు ఎదుటి భుజం దాదాపు 4.2 వస్తుంది, 10 పెట్టుకున్నవాళ్లకు 8.4 వస్తుంది. ఎదుటి భుజాన్ని ఆసన్న భుజంతో భాగించమంటే తరగతి మొత్తానికి 0.84 దగ్గరే తేలుతుంది. ‘నీకూ అంతేనా?’ అని పక్కవాళ్ల నోటుపుస్తకంలోకి తొంగిచూస్తారు. ఆ నిష్పత్తి కోణాన్ని బట్టి ఉంటుంది, త్రిభుజం సైజును బట్టి కాదు. త్రికోణమితికి పునాది అదే. ఆ నిష్పత్తి పేరు టాన్ అని, ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే వచ్చేది సైన్ అని తర్వాత చెబుతాను. సరూప త్రిభుజాల పాఠం దీనికి ముందు ఉన్నదీ అందుకే. కోణం రెట్టింపైతే నిష్పత్తి రెట్టింపు కాదని కూడా గీసినవాళ్లకు కంటికి కనిపిస్తుంది. చిత్తూరు తండ్రిగారి అబ్బాయికి అందనిది ఇదే.

ఇక ఇది ఎందుకు పనికొస్తుందని పిల్లలు అడిగితే గాదంకి చూపిస్తాను. అక్కడి వాతావరణ రాడార్ తన రేడియో తరంగాల పుంజాన్ని నిట్టనిలువు నుంచి 10 డిగ్రీలు వాల్చి ఆకాశంలోకి పంపుతుంది. ఆ పుంజం వెంబడి వచ్చే, పోయే వేగమే దానికి తెలుస్తుంది. గాలి పుంజం వాలిన దిశలోనే అడ్డంగా సెకనుకు 10 మీటర్లు వీస్తే, రాడార్‌కు అందేది 10 × సైన్ 10°, అంటే సుమారు 1.74 మీటర్లే. దాన్నుంచి అసలు వేగాన్ని వెనక్కి లెక్కగట్టాలి. మన జిల్లాల పిల్లలు బస్సులో దాటిపోయే ఊళ్లో జరిగే పని ఇది.

తిరుపతి కోచింగ్ మాస్టారు:
బాగుంది. కానీ పిల్లలు కోణమానినికి దారం, రాయి కట్టి భవనాల ఎత్తు కొలిస్తే ఒక డిగ్రీ అటూ ఇటూ అవుతుంది. తప్పు జవాబు తెచ్చే పద్ధతికి అంత సమయం పెట్టాలా?

పాకాల లెక్కల టీచరు:
20 మీటర్ల దూరంలో నిలబడి 45కు బదులు 46 అని చదివితే ఎత్తులో తేడా సుమారు 70 సెంటీమీటర్లు. ఆ తేడా ఎంతో పిల్లలే లెక్కగట్టగలిగితే నాకు అంతకన్నా కావలసింది లేదు. టాన్ 90 ఎందుకు నిర్వచితం కాదో కూడా ఇలాగే తెలుస్తుంది. ఆసన్న భుజం 10 సెంటీమీటర్లే ఉంచి కోణం పెంచమనండి. 80 డిగ్రీలకు ఎదుటి భుజం సుమారు 57 సెంటీమీటర్లు కావాలి, 89కి 573. 90 దగ్గర ఎదుటి భుజం, కర్ణం గీతలు రెండూ కలవనే కలవవు.

తిరుపతి కోచింగ్ మాస్టారు:
వారం రోజులు ఇవ్వలేను. రెండు పీరియడ్లయితే చూస్తాను.

పాకాల లెక్కల టీచరు:
రెండు చాలు మాస్టారూ. మొదటిది 40 డిగ్రీల బొమ్మకు. రెండోదానిలో సమబాహు త్రిభుజాన్ని నిలువుగా సగం చేయించండి, 30, 60 విలువలు వస్తాయి. చతురస్రాన్ని కర్ణం వెంట సగం చేయిస్తే 45వి వస్తాయి. పట్టికలో ఆ మూడు వరుసలూ పిల్లలే నింపుతారు. మూడో రోజు నుంచి మీరు ఎంత బట్టీ పట్టించినా నాకు అభ్యంతరం లేదు.