ఫొటో తీసిన అసలు తేదీ కంప్యూటర్‌లో ఎలా చూడాలి?

ప్రశ్న (పర్లాకిమిడి):
శివరాత్రులకి మహేంద్రగిరి ఎక్కినప్పటి ఫొటోలన్నీ నిన్న కంప్యూటర్‌లోకి ఎక్కించాను, ఇప్పుడు చూస్తే అన్నిటికీ నిన్నటి తేదీయే ఉంది! భీముడి గుడి దగ్గరవి ఏ ఏడాదివో తెలియక టెన్షన్‌గా ఉంది. అసలు తేదీ పోయినట్టేనా?

జవాబు (బరంపురం):
పోలేదు తమ్ముడూ. నువ్వు చూస్తున్నది ఫైల్ తేదీ. తీసిన తేదీ, కెమెరా మోడల్, షట్టర్ స్పీడ్ లాంటివి ఫొటో లోపలే ఉంటాయి, దాన్ని ఎక్సిఫ్ అంటారు. విండోస్‌లో ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్ తెరువు, ‘డేట్ టేకెన్’ అని కనిపిస్తుంది. ఫోల్డర్‌ని కూడా దాని ప్రకారమే సార్ట్ చేసుకో, ఒక్కొక్కటీ తెరుస్తూ కూర్చోకు.

జవాబు (రాయగడ):
అక్కడే జీపీఎస్ కూడా ఉందేమో చూడండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఎక్కడ తీశారో అక్షాంశ రేఖాంశాలతో సహా పడుతుంది. ఇంట్లో తీసినవి ఎవరికైనా పంపేముందు అదే డీటెయిల్స్ ట్యాబ్‌లో అడుగున ఉన్న ‘రిమూవ్ ప్రాపర్టీస్’ నొక్కి తీసెయ్యడం మేలు.

ప్రశ్న అడిగినవారు:
దొరికాయన్నా! కానీ బావ వాట్సాప్‌లో పంపినవాటికి ఆ గడి ఖాళీ. మా పాత డిజిటల్ కెమెరావి మాత్రం 2000 జనవరి 1 అంటున్నాయి, అప్పటికి మా ఇంట్లో కెమెరాయే లేదు.

జవాబు (బరంపురం):
వాట్సాప్‌లో మామూలుగా ఫొటోలా పంపితే ఆ వివరాలు ఎగిరిపోతాయి, డాక్యుమెంట్‌గా మళ్ళీ పంపమను. కెమెరాది బ్యాటరీ అయిపోయి గడియారం మొదటికొచ్చిన గొడవ. ఎక్సిఫ్‌టూల్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, అన్నిటి తేదీనీ ఒకేసారి జరపొచ్చు, ముందు కాపీ తీసి పెట్టుకో.