మనల్ని మనం చెక్కుకోవడం అంటే ఉన్నది బయటికి తీయడమా, లేనిది తెచ్చుకోవడమా?

నల్లగొండ చదువరి:
మూడో శతాబ్దపు తత్వవేత్త ప్లోటినస్ అంటాడు, నీలో అందం కనిపించకపోతే శిల్పిలాగా పనిచెయ్, ఎక్కువైంది తీసెయ్, వంకర ఉన్నది సరిచెయ్, నీ విగ్రహాన్ని చెక్కడం ఆపకు అని. అంటే రూపం లోపల ముందే ఉంది, అడ్డం తీయడమే మన పని. అరిస్టాటిల్ లెక్క వేరు. ఇళ్లు కట్టీ కట్టీ మేస్త్రీ అవుతాడు, న్యాయమైన పనులు చేసీ చేసీ న్యాయవంతుడవుతాడు అంటాడు. నాకిది పుస్తకాల గొడవ కాదు. గ్రూప్స్‌కు చదువుతున్నాను, 'నీ అసలు స్వభావం ఏంటో ముందు తెలుసుకో' అని అందరూ అంటుంటే టెన్షన్ వస్తుంది, ఎందుకంటే లోపల ఎంత వెతికినా తయారుగా ఉన్నది ఏదీ దొరకట్లేదు. మీరేమంటారు?

పాలమూరు తెలుగు టీచర్:
తమ్మీ, నేను అరిస్టాటిల్ పక్షం. ద్విపద చూడు, రెండేసి పాదాల పద్యం, పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మూడో గణం మొదట యతి, రెండు పాదాలకూ ప్రాస. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమన బసవన్న కథంతా ఇందులోనే చెప్పాడు. పద్యం మొదలుపెట్టిన కొత్తలో ఛందస్సు ఊపిరాడనివ్వదు. చెయ్యి తిరిగాక మాత్రం ప్రాస కోసం వెతుకుతుంటే అనుకోని మాట తగులుతుంది, దాంతో చెప్పాలనుకున్న ఆలోచనే మారిపోతుంది, మారిందే నిజమనిపిస్తుంది. అది నాలో ముందే ఉందా? లేదు, నియమం తెచ్చిపెట్టింది. వెతకడం ఆపి ఏదో ఒక నియమం పట్టుకో.

పుట్టపాక మగ్గం:
సార్, ఆ నియమం ఎవరు పెట్టారన్నది మీరిద్దరూ వదిలేశారు. మేం నేసే తేలియా రుమాలు అనే బట్టకు పడుగుకూ (నిలువు పోగులు) పేకకూ (అడ్డం పోగులు) మగ్గమెక్కక ముందే చిటికి కడతాం, అంటే పోగులను అక్కడక్కడ ముడివేసి బిగిస్తాం, కట్టిన చోట రంగు ఎక్కదు. మనిషికీ అంతే, ఇల్లు, కులం, బడి, డబ్బు వేసిన ముడులు ఊహ తెలిసేసరికే పడి ఉంటాయి. అయితే నేసేటప్పుడు పేక పోగును కాస్త అటూ ఇటూ జరిపి పడుగు మీది డిజైన్‌కు కలపాలి, లేకపోతే బొమ్మ చెదురుతుంది. మలుచుకోవడానికి మనకు దొరికే చోటు అంతే. చిన్నదే, కానీ చూపు పక్కకు పోనివ్వదు.

నల్లగొండ చదువరి:
అన్నా, మీది చదివాక అరిస్టాటిల్‌ను మళ్లీ తీసి చూశాను. సుగుణాలు పుట్టుకతో రావు, స్వభావానికి విరుద్ధంగానూ రావు, అందుకునే శక్తి మనలో ఉంటుంది, అలవాటుతో అది పూర్తవుతుంది అని అరిస్టాటిలే అన్నాడు. దీంతో నా టెన్షన్ చాలావరకు తగ్గింది. కానీ మీరన్న ఆ ముడుల సంగతి ఆయన్ని అడగలేం, కొందరు పుట్టుకతోనే బానిసలని రాసినవాడు కూడా ఆయనే.