హెచ్610 బోర్డు వల్లే నా సిస్టమ్ రీస్టార్ట్ అవుతోందా?

రెండరింగ్_మల్కాజ్‌గిరి:
పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుని బతుకుతున్నాను. రెండేళ్ల కింద పార్క్‌లేన్‌లో ఒక షాపతని మాట నమ్మి ఐ7-12700 ప్రాసెసర్‌కి హెచ్610 చిప్‌సెట్ (పోర్టులు, స్లాట్లు నడిపే చిప్) ఉన్న మదర్‌బోర్డు వేయించుకున్నా. రెండర్ (ఎడిట్ చేసిన వీడియోని ఫైనల్ ఫైల్‌గా తయారుచేయడం) పెట్టిన పది నిమిషాలకు స్పీడ్ సగానికి పడిపోతుంది, ఎండాకాలం వస్తే రీస్టార్టే అయిపోతుంది. చౌక చిప్‌సెట్ మీద పెద్ద ప్రాసెసర్ పెడితే ఇంతే. కొత్తగా కొనేవాళ్లు బీ760 చిప్‌సెట్‌కి తగ్గొద్దు.

పాత_అసెంబ్లర్:
మీ బాధ నిజమే, కానీ తప్పు చిప్‌సెట్‌ది కాదండీ. ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చేది సాకెట్ పక్కనుండే వీఆర్ఎం, అంటే వోల్టేజ్ సర్దే సర్క్యూట్. 12700 టర్బోలో (ఫుల్ స్పీడ్‌లో) 180 వాట్ల దాకా లాగుతుంది, వీఆర్ఎం మీద హీట్‌సింక్ (వేడి లాగే లోహపు ముక్క) లేకపోతే అది వేడెక్కి బోర్డే ప్రాసెసర్ స్పీడ్ తగ్గించేస్తుంది. ర్యామ్‌ని నడిపే కంట్రోలర్ కూడా ఇప్పుడు చిప్‌సెట్‌లో లేదు, ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో, ఇంటెల్ 2008లో నెహాలెమ్‌తో ప్రాసెసర్‌లోకి తెచ్చేశాయి. అది చిప్‌సెట్‌లోని నార్త్‌బ్రిడ్జ్ చిప్‌లో ఉన్న రోజుల్లో అయితే మీ మాట ఒప్పుకునేవాణ్ణి.

ఎల్బీనగర్_గేమర్:
అన్నా, నాది హెచ్610, ఐ3-12100. ఇంతవరకు ఒక్క క్రాష్ లేదు.

రెండరింగ్_మల్కాజ్‌గిరి:
ఐ3కీ ఐ7కీ పోలికేంటి తమ్ముడూ. చిప్‌సెట్ ఏ పాపం ఎరగదంటే, 2011 జనవరిలో శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్ల చిప్‌సెట్ల సరఫరా ఇంటెల్ ఎందుకు ఆపింది? హార్డ్‌డిస్కులు తగిలించే సాటా పోర్టులు వాడగా వాడగా దెబ్బతింటాయని వాళ్లే చెప్పారు కదా.

పాత_అసెంబ్లర్:
చెప్పారు. 3 గిగాబిట్ పోర్టులకే ఆ లోపం, బీ3 స్టెప్పింగ్‌తో, అంటే చిప్ కొత్త వెర్షన్‌తో, సరిచేశారు. కానీ ఆ చిప్‌సెట్లలో హెచ్67లో ఉన్న లోపమే ఖరీదైన బోర్డుల్లో వాడే పీ67లోనూ ఉంది. పెద్ద చిప్‌సెట్ కొన్నవాళ్లు కూడా తప్పించుకోలేదు.

రెండరింగ్_మల్కాజ్‌గిరి:
సరే, నా జెన్4 (పీసీఐఈ 4.0) ఎస్ఎస్‌డీ సెకనుకి 3,500 ఎంబీ దగ్గరే ఆగిపోతోంది. అదీ వీఆర్ఎమ్మేనా?

పాత_అసెంబ్లర్:
కాదు, అది చిప్‌సెట్టే. హెచ్610 ఇచ్చేవి పాత తరం పీసీఐఈ 3.0 లేన్లు (డేటా దారులు). ర్యామ్ స్లాట్లు రెండే ఉండటం కూడా దానివల్లే. రీస్టార్ట్‌కి మాత్రం దీంతో సంబంధం లేదు.

బోడుప్పల్_శ్రీను:
ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) మార్చి చూశారా? మా ఇంట్లో అదే కారణం.

రెండరింగ్_మల్కాజ్‌గిరి:
మార్చాను, అదే సమస్య. ముహూర్తాల సీజన్‌లో ఆల్బమ్ టైమ్‌కి ఇవ్వలేక ఒక ఇంటివాళ్లకి అడ్వాన్స్ తిరిగిచ్చేశా. మీరేమో షాపులవాళ్లను వెనకేసుకొస్తున్నారు. మీరూ అమ్ముకునేవాళ్లే కదా.

పాత_అసెంబ్లర్:
ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇలాంటి జోడీ నేను వేయనని చెప్పి పంపించేసిన కస్టమర్లు ఎంతమందో. నా దగ్గరికి 35 వేలు పట్టుకుని ఇంజినీరింగ్ పిల్లలొస్తారు. బీ760కి తగ్గొద్దని మీరు రాస్తే, ఆ పిల్లాడు ఎస్ఎంపీఎస్‌లోనో ర్యామ్‌లోనో కోత పెట్టుకుని మరీ పేరు కొంటాడు. హీట్‌సింక్ లేని బీ760 బోర్డులూ ఉన్నాయి. అదే అంటగడితే వాడి గతి కూడా మీ గతే.

రెండరింగ్_మల్కాజ్‌గిరి:
మరి మాలాంటివాళ్లకి తెలిసేదెలా? డబ్బా మీద చిప్‌సెట్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, వీఆర్ఎం గురించి ఎవడూ చెప్పడు. నేను షాపులో అడిగాను కూడా, ఐ7కి సరిపోతుందా అని. సాకెట్ ఒకటే, సరిపోతుంది సార్ అన్నాడు. నాకు కోపం దాని మీద.

పాత_అసెంబ్లర్:
అది మొదటే రాస్తే ఇంత దూరం వచ్చేది కాదు. సాకెట్ సరిపోవడం వేరు, బోర్డు ఆ లోడ్ మోయడం వేరు. అతను అది చెప్పాల్సింది. బయోస్‌లో (బోర్డు సెట్టింగ్స్‌లో) ప్రాసెసర్ పవర్ లిమిట్ 65 వాట్లకు పెట్టి ఒక రెండర్ నడిపి చూడండి.

రెండరింగ్_మల్కాజ్‌గిరి:
రాత్రి పెట్టి చూశా. గంటంబావు ఎక్కువ పట్టింది కానీ రీస్టార్ట్ కాలేదు. బోర్డు మారుస్తున్నా. బీ760నే తీసుకుంటా, ఆ విషయంలో నా మాట మారదు.

పాత_అసెంబ్లర్:
తీసుకోండి. డబ్బులు కట్టే ముందు బోర్డు ఫొటో ఇక్కడ పెట్టండి, హీట్‌సింక్ చూసి చెప్తాను.