పాన్స్-బ్రూక్స్ తోకచుక్క కొమ్ములు: నిజమా, ఫిల్టర్ మాయా?

2023 జులై 20న 12పి/పాన్స్-బ్రూక్స్ తోకచుక్క ఉన్నట్టుండి సుమారు వంద రెట్లు ప్రకాశవంతమైంది. తర్వాతి ఫొటోల్లో కోమా (కేంద్రకం చుట్టూ ఉండే వాయువు, ధూళి మేఘం) రెండు కొమ్ములతో గుర్రపు నాడాలా కనిపించేసరికి జనం 'స్టార్ వార్స్' సినిమాల్లోని అంతరిక్ష నౌక పేరిట 'మిలేనియం ఫాల్కన్' అని పేరు పెట్టేశారు. నిజానికి అంతరిక్ష నౌక పోలికంతా కొమ్ముల్లో కాదు, వాటి మధ్య నల్లటి చీలికలోనే ఉంది.

ఆ వారంలో తీసిన 60 సెకన్ల ఫిట్స్ (ఖగోళ చిత్రాల ఫైల్ ఫార్మాట్) ఫ్రేములను నక్షత్రాల మీద కాక తోకచుక్క కేంద్రకం మీద అలైన్ చేసి, సిగ్మా క్లిప్పింగ్‌తో (మిగతా ఫ్రేములతో పొసగని పిక్సెల్ విలువలను వదిలేసి) స్టాక్ చేశాను, అంటే ఒకే చిత్రంగా కలిపాను. చిత్రాన్ని కేంద్రం చుట్టూ కొంత కోణం తిప్పి, అసలు చిత్రంతో తేడా తీసి మసక వివరాలను పైకి తెచ్చే లార్సన్-సెకనీనా ఫిల్టర్‌ను 15 డిగ్రీలకు పెడితే నౌక దిగినట్టే ఉంది. 5 డిగ్రీలకు చీలిక దాదాపు మాయం. తిప్పే కేంద్రం రెండు పిక్సెళ్లు జరిగినా ఒక పక్క తెలుపు, ఎదురుగా నలుపు వచ్చేస్తున్నాయి.

అసలు చిక్కు కేంద్రం దగ్గరే. కోమా ఒకవైపుకి వాలి ఉంది కాబట్టి సెంట్రాయిడ్ (వెలుగు మొత్తానికి సగటు కేంద్రం) కేంద్రకం మీద పడదు. అత్యంత ప్రకాశవంతమైన పిక్సెల్‌నే తీసుకోవాలా? వెడల్పాటి చీలికకు ఫిల్టర్ బదులు వలయాల వారీ మీడియన్‌తో (కేంద్రం చుట్టూ ఒక్కో వలయంలోని పిక్సెళ్ల మధ్య విలువతో) భాగిస్తే నయమా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. స్ట్రెచ్ చేయని (మసక భాగాలు కనిపించేలా వెలుగు స్థాయిలు మార్చని) స్టాక్ కావాలంటే పెడతాను.